ఊగని ఉయ్యాల

నమోదు 1. గాలి: తూర్పు. కడుపు: బాగోలేదు.

సమాఖ్య నిబంధనల ప్రకారం సభ్యదేశపు రిజిస్ట్రారు ఏ రోజు జరిగింది ఆ రోజే, జరిగింది జరిగినట్టు రాయాలి. జరిగింది ఇది. పొద్దున లేచాను, వాంతి చేసుకున్నాను, కచేరీ తెరిచాను, ఎవరూ రాలేదు, మూశాను.

నా పేరు దాసరి సువర్చల. తెప్పసీమ గణతంత్రంలో పేటెంట్లూ ట్రేడ్‌మార్కులూ నమోదు చేసే రిజిస్ట్రారుని. ఇదీ ఒక దేశమేనా అని నవ్వకండి. జెండా ఉంది, జాతీయగీతం ఉంది, పార్లమెంటు కూడా ఉంది, కాకపోతే అది ఆటుపోట్లను బట్టి కూర్చుంటుంది. లేనిది నేల ఒక్కటే. సముద్రం లంకలన్నిటినీ మింగేసిన ఏడాది గట్టుకు చేరలేని జనం తెప్పలు కట్టుకుని, ఒకదానికొకటి ముడేసుకుని, ఎవరూ రమ్మని పిలవకపోయేసరికి అక్కడే దేశమైపోయారు. నేను గట్టుదేశం నుంచి అరువు మీద వచ్చిన అధికారిని. మామిడితోటల ఊళ్ళో పుట్టాను. మా ఊళ్ళో నీళ్ళు బిందెలో ఉండేవి.

నా కచేరీ తెప్ప వాడ చివర ఉంటుంది. వాడలో తెప్పలన్నీ కొబ్బరితాళ్ళతో ఒకదానికొకటి కట్టి ఉంటాయి. నాది మాత్రం ప్రభుత్వ గొలుసుతో ప్రభుత్వ స్తంభానికి కట్టి ఉంటుంది. వాళ్ళవన్నీ కలిసి ఊగుతాయి. నాది ఒంటరిగా, రెండింతలు ఊగుతుంది.

కచేరీలో నాతోపాటు ఉండేది ఒక రాగిపెట్టె. అందులో సమాఖ్య పరీక్షాధికారి ఉంటాడు. మనిషి కాడు, యంత్రం. ఎండ పడితే మేలుకుంటాడు, మబ్బు పడితే మాట మధ్యలో నిద్రపోతాడు. ఒక గాజుకన్ను ఉంది, దాంతో అన్నీ చూస్తాడు. లోకంలో ఏ దేశం దరఖాస్తయినా చివరికి ఈయన చెవిన పడాల్సిందే. తెలుగు మాత్రం ఎక్కడో చెదలు పట్టిన పుస్తకాల్లోంచి నేర్చుకున్నాడు.

"శుభోదయము. నేటి విశేషమేమి?" అన్నాడు ఇవాళ.

"విశేషమేముంది, వాంతి" అన్నాను.

"ఆ నామమున ట్రేడ్‌మార్కు కోరుచున్నారా?"

కోరడం లేదని చెప్పి మంచమెక్కాను.

నమోదు 2. గాలి: తూర్పు ఆగ్నేయం. కడుపు: అడగొద్దు.

జనం వస్తున్నారు. రావద్దన్నా వస్తున్నారు. మొదట వచ్చినాయన వాడపెద్ద మోకా ఏడుకొండలు. ఆయన ఎడమచేతికి బొటనవేలు లేదు, పడవ మోటారు తీసుకుంది. ఉన్న వేళ్ళన్నీ నా బల్ల మీద ఆనించి కూర్చున్నాడు.

"రిజిస్ట్రారమ్మ గారూ, నా దగ్గు నాకే ఉండేట్టు కాయితం రాసియ్యండి."

"దగ్గేంటండీ?"

"వేట నుంచొత్తా దగ్గుతానండి. అది ఇంటే మా ఆడది పులుసు పొయ్యి మీద పెడతది. ఇప్పుడా దగ్గు పక్క తెప్పోడు నేర్సుకున్నాడు. మంచులో ఎవుడొచ్చాడో దానికేం కనపడద్ది? నే వచ్చేసరికి పులుసుండట్లేదండి."

నేను నవ్వు ఆపుకుని పెట్టె ముందు కూర్చోబెట్టాను. ఆయన దగ్గాడు. వాడలో అందరూ పంతులుగారని పిలుచుకునే మా పరీక్షాధికారి శ్రద్ధగా విన్నాడు. "ఈ దగ్గు విలక్షణమైనది. నమోదు చేయుచున్నాను. అయినను వైద్యుని సంప్రదింపుడు" అన్నాడు. అలా తెప్పసీమ చరిత్రలో మొదటి ట్రేడ్‌మార్కు ఒక దగ్గుకు దక్కింది.

ట్రేడ్‌మార్కుతో తంటా లేదు. అది పాతదైనా పరవాలేదు, మీదేనని పదిమందికీ తెలిస్తే చాలు. పేటెంటు అలా కాదు. కొత్తగా చేసిన పనికే పేటెంటు, అది కూడా దరఖాస్తుకు ముందు పదిమందికీ తెలిసి ఉండకూడదు. లోకమంతటా ఇదే నియమం. ఇక్కడే ఈ దేశం మొత్తం బోర్లా పడుతోంది.

సైకం బుల్లెమ్మ ఆల్చిప్పతో చేపపొలుసు గీసే పనిముట్టొకటి తెచ్చింది. నిజంగా బాగుంది. "ఇది ఎవరికైనా చూపించారా?" అన్నాను. ఆవిడ నన్ను జాలిగా చూసింది.

"తిప్పకుండా ఎట్టా అండి?"

తిప్పుడు అంటే ఏమిటో ఆవిడే చెప్పింది. వాడలో ఎవరు ఏ కొత్త వస్తువు చేసినా అది ముందు ప్రతి తెప్ప మీదా ఒక పూట ఉండాలి. వాళ్ళు దాన్ని లాగాలి, తొక్కాలి, తడపాలి, నచ్చకపోతే చేసినవాళ్ళను తిట్టాలి. నచ్చితే తమ ముడి ఒకటి దానికి వేస్తారు. ప్రతి తెప్పకూ తాతల నాటి నుంచి సొంత ముడి ఒకటి ఉంది. ముడులన్నీ పడ్డాకే వస్తువు చేసినవాళ్ళ ఇంటికి తిరిగొస్తుంది. మొదటి రోజుల్లో ఎవరో సొంత తెలివితో కట్టిన తాడు తెగి, వరస వరసంతా కొట్టుకుపోయిందట. అప్పటి నుంచీ తిప్పని వస్తువును ఇక్కడ ఎవరూ ముట్టరు.

"మరి నలుగురూ చూసేశాక పేటెంటు రాదమ్మా" అన్నాను.

"నలుగురూ చూడందాన్ని ఎవరు నమ్ముతారండీ?" అంది బుల్లెమ్మ.

పంతులుగారు తిరస్కరించాడు. ఆ తర్వాత వచ్చిన గాలిమరనూ, నీళ్ళమీది కోళ్ళగూటినీ, అన్నిటినీ అదే మాట చెప్పి తిరస్కరించాడు. ఒక్క పేటెంటయినా రాకపోతే సమాఖ్యలో మన పరువేం కావాలని రాజధాని తెప్ప నుంచి అప్పుడే కబురొచ్చింది. పరువు సంగతి తర్వాత, ముందు నా కడుపు సంగతి చూడండని తిరుగు కబురు పంపాలనుకున్నాను. పంపలేదు.

నమోదు 4. గాలి: దక్షిణం. కడుపు: ఖాళీ.

మూడో నమోదును అల తీసుకెళ్ళింది. పోయిందేమీ లేదు, అందులో అంతా బుల్లెమ్మ నన్ను తిట్టిన తిట్లే.

ఇవాళ కొల్లాటి నాంచారమ్మ వచ్చింది. వలలు అల్లే మనిషి. యాభై దాటి ఉంటుంది, మాట్లాడుతున్నంతసేపూ చేతులు లేని వలను అల్లుతూనే ఉంటాయి. కూర్చోమంటే కూర్చోలేదు.

"మీరోపాలి మా తెప్పకి రావాలండి. నోటితో చెప్తే మీకెక్కదు."

వెళ్ళాను. అలలు పెద్దవిగా ఉన్నాయి. ఆమె తెప్ప మీద చట్టీలు, గరిటెలు, మనుషులు, అన్నీ ఊగుతున్నాయి. మధ్యలో ఒక వెదురుబుట్ట మాత్రం ఊగడం లేదు. బుట్టలో ఆమె మనవరాలు నిద్రపోతోంది. తెప్ప లేచింది, పడింది, పక్కకు ఒరిగింది. బుట్ట కదిలితే ఒట్టు.

తెప్పలో పుట్టిన పిల్లలకు మొదటి నెలల్లో నిద్ర ఉండదట. ఊపు తగ్గితే కాస్త కునుకు, అల పెరిగితే ఏడుపు. గట్టు మీద పిల్లల్ని ఊపి నిద్రపుచ్చుతారని చెబితే ఇక్కడ తల్లులు నమ్మరు. నాంచారమ్మ చేసిందేమిటంటే, తెప్ప మధ్యలో కన్నం పెట్టి ఒక పొడుగాటి వెదురుగెడ దింపింది. గెడ అడుగున నీళ్ళు నింపిన కుండలు వేలాడదీసింది. పైకొసన ఉయ్యాల. గెడ తెప్పకు తగిలి విరక్కుండా చుట్టూ వదులుగా ఒక వలపట్టీ అల్లింది.

"పైన అల ఎంత ఎగిరినా అడుగు నీళ్ళు కదలవండి. వల ఏసేవోళ్ళకి తెలుసది. ఈ ఉయ్యాల తెప్పది కాదండి, ఆ అడుగు నీళ్ళది" అంది.

నేను మోకాళ్ళ మీద కూర్చుని, పిల్ల లేవకుండా, ఉయ్యాల అంచుకు నా తల ఆనించాను. ఈ దేశానికి వచ్చాక మొదటిసారి లోకం ఆగింది. నాకు ఏడుపొచ్చింది. అధికారిని గనుక ముక్కు చీదినట్టు నటించాను.

"దీనికి పేటెంటు కావాలాండి?" అన్నాను.

"మా అమ్మ కట్టిన వలముడిని గట్టు మీదోళ్ళు పట్టుకుపోయారండి. ఇప్పుడు మా పిల్లోళ్ళు బళ్ళో ఆ ముడిని ఎవరో దొరగారి ముడని చదువుతున్నారు. అమ్మ పేరు ఎక్కడా లేదు. నేనేం రాజ్యాలు అడగట్లేదు. ఇది నాంచారమ్మ చేసిందని లోకంలో ఎక్కడో ఒకచోట రాసుండాలి. అంతే."

అడగాలా వద్దా అనుకుంటూనే అడిగాను. "దీన్ని తిప్పారా?"

"తిప్పకుండా పసిబిడ్డనెట్టా పడుకోబెడతానండీ?" అంది. వలపట్టీ నిండా రకరకాల ముడులున్నాయి. వాడంతా చూసింది, నచ్చింది, ఇంటింటా ఒక ఊగని ఉయ్యాల కట్టించుకుంది. నేను తల పట్టుకున్నాను.

నమోదు 5. గాలి: లేదు. కడుపు: కోపంతో నిండింది.

నాంచారమ్మ దరఖాస్తు పెట్టె ముందు చదివాను. పంతులుగారు తన పాత చిట్టా వెతికాడు.

"ఇదే వస్తువునకై ఒక దరఖాస్తు ఇదివరకే వచ్చియున్నది. దరఖాస్తుదారు గట్టుదేశపు స్థిరతల్పం కంపెనీ."

నాంచారమ్మకు అర్థమయ్యేసరికి మబ్బు పట్టి ఆయన నిద్రపోయాడు. మళ్ళీ ఎండ వచ్చేదాకా ఇద్దరం పెట్టె వైపు చూస్తూ కూర్చున్నాం. మిగతా సంగతులు అప్పుడు తెలిశాయి. ఆస్పత్రి ఓడల్లో ఆపరేషను బల్లలు ఊగకుండా ఉండడానికి కంపెనీ ఈ ఏర్పాటు వాడుతుందట. పేటెంటు ఇస్తే అది తెప్పసీమలో కూడా చెల్లుతుంది. అప్పుడు వాడలో ఉయ్యాలలన్నీ విప్పెయ్యాలి. కావాలంటే కంపెనీ దగ్గర కొనుక్కోవాలి.

కంపెనీ తరఫు మనిషి పేరు విన్నాక నాంచారమ్మ చేతులు అల్లడం ఆపేశాయి. సాత్విక్ భూపతి.

"ఆ అబ్బాయా? పోయిన వానల్లో సముద్రం చూడ్డానికని వచ్చాడండి. మా తెప్ప మీదే దిగాడు. పిల్ల నిద్రపోతుంటే ముద్దుగా ఉందని బొమ్మలు గీసుకున్నాడు. కొరమేను లేదంటే అలిగాడు కూడా. సముద్రంలో కొరమేనెక్కడ్నించి తేను?"

పంతులుగారు విచారణ జరుపుతానన్నాడు. అప్పటిదాకా ఉయ్యాలలకు ఢోకా లేదనుకున్నాను. నాంచారమ్మ వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది. "మా అమ్మకి జరిగిందే నాకూనా అండి?" అంది. నేనున్నానుగా అన్నాను. నేనుండి ఏం చేస్తానో నాకే తెలియదు.

నమోదు 7. గాలి: ఈశాన్యం. కడుపు: ధైర్యంగా ఉంది.

ఉపాయం దొరికింది. భూపతి తన ఉయ్యాల బొమ్మ గీసుకుపోయాడని నాంచారమ్మ చెబుతుంది. ఉయ్యాల తిప్పిన సంగతి బయటపడితే కొత్తదనం పోతుంది గనుక, దాన్ని తామెప్పుడూ చూడలేదని వాడంతా చెబుతుంది. అప్పుడు పేటెంటు నాంచారమ్మకే. ఇంత తెలివి నాకెక్కడిదో అని నేనే ఆశ్చర్యపోయాను.

చిక్కల్లా వీళ్ళకు అబద్ధం చెప్పడం రాకపోవడం. గోడల్లేని తెప్పల మీద బతికే జనం, ఎవరింట్లో ఏ కూరో వాసనకే తెలిసిపోతుంది, ఇంక అబద్ధం ఎక్కడ నేర్చుకుంటారు? సాయంత్రమంతా కూర్చోబెట్టి నేర్పించాను.

"ఏడుకొండలుగారూ, ఈ ఉయ్యాల మీరు చూశారా?"

"చూళ్ళేదండి. చాలా బాగుంటది."

"చూడకుండా బాగుంటుందని ఎలా తెలుసు?"

"మా మనవడు అందులోనే పడుకుంటాడు కదండీ."

నేను మళ్ళీ మొదలుపెట్టాను. బుల్లెమ్మకయితే అబద్ధం చెప్పేటప్పుడు నవ్వాగదు. మొగం కొంగుతో కప్పుకుని చెప్పమన్నాను. చేపలెండబెట్టిన కొంగు, కప్పుకుంటే దగ్గొచ్చింది. దగ్గు రిజిస్టరయిందని, వాడొద్దని ఏడుకొండలు కోప్పడ్డాడు.

నమోదు 8. గాలి: పడమర. కడుపు: జ్ఞాపకం లేదు.

ఎండ బాగా కాసింది. విచారణ మా కచేరీ తెప్ప మీదే. వాడంతా వచ్చి ఎక్కేసరికి తెప్ప ఒకవైపు మునిగి, అందరూ సమానంగా సర్దుకునేసరికి కొంత పొద్దు గడిచింది. భూపతి బూట్లతో వచ్చాడు. తెప్ప మీద బూట్లేసుకున్న మనిషిని పిల్లలు వింతగా చూశారు. మర్యాదస్తుడే, అందరికీ నమస్కారాలు పెట్టాడు, నాంచారమ్మను అమ్మగారూ అని కూడా పలకరించాడు. ఆమె మొగం తిప్పుకుంది.

గోడకు కట్టిన తెర మీద కంపెనీ గీసిన బొమ్మ పడింది. గెడ, కుండలు, బుట్ట, పట్టీ, ప్రతి భాగానికీ ఒక అంకె.

నాంచారమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. తనే చేసింది, ఈ అబ్బాయి తన ఇంట్లో అన్నం తిని బొమ్మ గీసుకుపోయాడు. భూపతి లేచాడు.

"అమ్మగారంటే నాకు గౌరవం ఉంది. ఆతిథ్యం తీసుకున్నమాట నిజం. కానీ ఆ ఇంట్లో నేను ఇలాంటిది చూడలేదు. ఇది మా ఇంజినీర్ల శ్రమ. అప్పటికే ఇది ఉందని ఇంటివాళ్ళు కాకుండా ఇంకెవరైనా చెప్తారా?"

"సాక్షులను పిలువుడు" అన్నాడు పంతులుగారు.

నేను నేర్పిన పాఠం ఇప్పుడు మొదలైంది. ఏడుకొండలు గుండెల మీద చెయ్యేసుకుని నిలబడ్డాడు. "ఉయ్యాలా? అంటే ఏంటండీ?" అన్నాడు. బుల్లెమ్మ కొంగు కప్పుకుని, "మేం ఉయ్యాలనేదే ఎరగమండి. మా పిల్లోళ్ళు నిలబడే నిద్రపోతారు" అంది. ఒకరి తర్వాత ఒకరు, చూడలేదు, వినలేదు, ఎరగం. నాకు గర్వంగా ఉంది. భూపతి కూడా సంతోషంగా ఉన్నాడు. వీడెందుకు సంతోషంగా ఉన్నాడని అప్పుడనుకున్నాను.

"బాగు" అన్నాడు పంతులుగారు. "కంపెనీ దరఖాస్తునకు పూర్వము ఈ వస్తువు ఈ వాడలో ఎవ్వరికిని తెలియదని వాడవారే చెప్పిరి. కావున ఇది కొత్తదే. కొత్తదగుటచే, ముందుగా దరఖాస్తు చేసిన కంపెనీకి హక్కు…"

ఓరి దేవుడా, గొయ్యి తవ్వింది నేనే. ఎవరూ చూడలేదంటే అది నాంచారమ్మదని చెప్పేవాళ్ళూ లేనట్టే. అందరూ చూశారంటే నాంచారమ్మకు పేటెంటు రాదు నిజమే, వాడికీ రాదు. అంత చిన్న లెక్క నా బుర్రకు తట్టలేదు. పాఠం నేర్పడానికి మాత్రం సిద్ధమైపోయాను.

ఒక్క నిమిషం ఆగండని పెట్టెకు చెప్పి నాంచారమ్మ పక్కన కూర్చున్నాను. సంగతంతా చెప్పాను. ఆమె విని, మెల్లగా అడిగింది.

"తిప్పానని నిజం చెప్తే నాకు కాయితం రాదా?"

"రాదు. ఇంకెప్పటికీ రాదు."

"ఆ అబ్బాయికి?"

"వాళ్ళకీ రాదు. ఎవరైనా కట్టుకోవచ్చు."

"పిల్లోళ్ళు పడుకుంటారు."

"పడుకుంటారు."

ఆమె చేతులు ఒడిలో ఊరికే ఉన్నాయి. నా మీద కోప్పడుతుందనుకున్నాను, కోప్పడలేదు. "ఇంకేంటండీ ఆలోచన" అని లేచింది.

"పంతులుగారూ, మా వాళ్ళు అబద్ధం చెప్పారండి. నాకోసం చెప్పారు. ఆ ఉయ్యాల నేను వాడంతా తిప్పాను. ఇంటింటా ఒక పూట ఉంది."

భూపతి చప్పున లేచాడు. "ఇప్పుడే తెలియదన్నారు, ఇప్పుడే తెలుసంటున్నారు. ఏ మాట నమ్మాలి?"

"ఒకే వాడ నోట రెండు మాటలు" అన్నాడు పంతులుగారు. "రెండవదానికి ఆధారమేమి?"

ఆధారం ఎవరి దగ్గరా లేదు. ఏడుకొండలు తెర దగ్గరకు నడిచాడు. కళ్ళు చికిలించి బొమ్మలో వలపట్టీని చూశాడు.

"ఇదేంటి, నా ముడి ఇక్కడెందుకుంది?"

"అది తొమ్మిదవ భాగము" అన్నాడు పంతులుగారు. కంపెనీ రాసింది చదివాడు. "అసమానములైన బలములను సర్దుటకై బుద్ధిపూర్వకముగా వంకరగా నిర్మింపబడిన ముడి."

"సర్దడానిక్కాదండి" అన్నాడు ఏడుకొండలు, చెయ్యి ఎత్తి చూపిస్తూ. "నాకు బొటనేలు లేదు."

అప్పటికప్పుడు ఒక తాడు తీసుకుని గాజుకన్ను ముందు ఆ ముడి వేశాడు. అదే వంకర. బుల్లెమ్మ కొంగు తీసేసి జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది.

"ఆ ఎర్రది, ఆ ఎర్రదేంటో చదవండి."

"పదునాలుగవ భాగము. ఎర్రని నార. ప్రయోజనము, గాలిలోని తేమను పీల్చుట."

"నా లంగా ముక్క" అంది బుల్లెమ్మ. "పిల్లకి దిష్టి తగలకుండా కట్టాను. మిగతా లంగా ఇంటో ఉంది, తెస్తానుండండి."

తెచ్చింది. గాజుకన్ను ముందు పట్టుకుంది. చిరిగిన అంచూ, దాని మీది నెమలిపించం అచ్చూ బొమ్మలో ఉన్నదాంతో అతికినట్టు సరిపోయాయి. కంపెనీ ఇంజినీర్లకు ఏ ముడి ఎందుకుందో అర్థం కాలేదు. ఏది తీసేస్తే ఉయ్యాల ఊగుతుందోనని భయపడి, దిష్టిగుడ్డతో సహా అన్నిటికీ అంకెలు వేసి, అన్నిటికీ ఒక ప్రయోజనం కల్పించారు. దిష్టికి కట్టిన ఎండు నిమ్మకాయను బరువు తూచే భాగమన్నారు.

ఇంక ఎవరూ ఆగలేదు. ఇది మా తెప్పది, అది మా అత్తది అంటూ అందరూ తెర మీద పడ్డారు. తెప్ప ఆ వైపు మునగడం మొదలుపెట్టింది. నేను సగం మందిని ఇవతలికి లాగి ఒక్కొక్కరినే పంపాను. ఒక్కొక్కరూ వచ్చి తమ ముడి వేసి చూపించారు. భూపతి బూట్లలోకి నీళ్ళు పోయాయి. ఆయన మెల్లగా వాటిని విప్పి చేత్తో పట్టుకున్నాడు.

"ఈ బొమ్మ గీయుటకు పూర్వమే వస్తువు వాడయంతయు తిరిగినదని బొమ్మయే చెప్పుచున్నది" అన్నాడు పంతులుగారు. "రెండు దరఖాస్తులును తిరస్కరింపబడినవి. ఇందాకటి అసత్యసాక్ష్యమును ఎవరు నేర్పిరి?"

అందరూ ఆకాశం చూశారు. అబద్ధం చెప్పడం రాకపోయినా ఈ విద్య వీళ్ళకు వచ్చు.

"రిజిస్ట్రారు" అన్నాను.

"రిజిస్ట్రారును మందలించుచున్నాను."

మందలించాడు. గ్రాంథికంలో తిట్లు తినడం నాకిదే మొదలు. నాంచారమ్మ అందరితోపాటు నవ్వింది, కానీ ఇంటికి వెళ్ళేటప్పుడు ఉత్తచేతుల్తో వెళ్ళింది. ఎవరైనా ఆమె పేరు రాసుకుంటే బాగుండునని నాకనిపించింది.

నమోదు 11. గాలి: తూర్పు. కడుపు: తేలిక.

తీర్పు ప్రతి ఇవాళ వచ్చింది. చదువుతూ చదువుతూ ఆగిపోయాను. గబగబా నాంచారమ్మను పిలిపించాను. ఆమెతో వాడ సగం వచ్చింది.

తిరస్కరించడానికి కారణం రాయాలి కదా. పంతులుగారు రాశాడు. ఈ వస్తువును తెప్పసీమ వాసియగు కొల్లాటి నాంచారమ్మ ముందే చేసి, లోకమునకు తెలియజేసియున్నది. అంతే రాశాడు. కానీ సమాఖ్యలో ఒక కారణం ఒకసారి రాస్తే అది అన్ని దేశాల దరఖాస్తులకూ వర్తిస్తుంది. ఊగని పక్క మీద హక్కు కావాలని ఇకమీదట ఎక్కడ ఎవరు వచ్చినా వాళ్ళకు ముందు ఈ వాక్యం వినిపించాల్సిందే. పేటెంటయితే కొన్నేళ్ళకు తీరిపోతుంది. ఇది తీరదు.

నాంచారమ్మ నమ్మలేదు. "ఒట్టిదేలెండి, నా మనసు కుదుటపడ్డానికి చెప్తున్నారు."

పెట్టెను అడిగాను. ఈ వాక్యం ఎక్కడైనా వాడారా? వాడాను అన్నాడు, నిన్న ఉత్తరాదిన మంచుసముద్రం ఒడ్డున ఒక ఓడల కంపెనీ వచ్చింది. ఏం చెప్పారో వినిపించమన్నాను. ఆయన ఏదో మాకు తెలియని భాషలో మొదలుపెట్టాడు. గులకరాళ్ళు నమిలినట్టుంది. ఆ మాటల మధ్యలో, స్పష్టంగా, మన దీర్ఘాలతో సహా, కొల్లాటి నాంచారమ్మ అని వినిపించింది. ఆ తర్వాత మళ్ళీ గులకరాళ్ళు.

నాంచారమ్మ పెట్టె దగ్గరగా జరిగి కూర్చుంది.

"ఇంకోపాలి చెప్పమనండి" అంది.

పంతులుగారు మళ్ళీ చెప్పాడు. ఆమె కళ్ళు తుడుచుకుని, మూడోసారి అడిగి, మా అమ్మ ఉంటే ఇనేది అంది. ఇవాళ మబ్బు పట్టేదాకా పంతులుగారి చేత ఇంకే పనీ చేయించలేదు.

నమోదు 14. గాలి: ఉందట, నాకు తెలియలేదు. కడుపు: బాగుంది.

పేటెంటు లేకపోతే ట్రేడ్‌మార్కు పెట్టుకోమని నేనే చెప్పాను. ఉయ్యాలలు ఎవరైనా కట్టుకోవచ్చు, కానీ ఇది తెప్పసీమలో తిప్పిన ఉయ్యాల అని చెప్పే గుర్తు మాత్రం వాడదే ఉంటుంది. మీ ముడి ఒక్కటి పెట్టుకుంటే చాలన్నాను. నాంచారమ్మ ఒప్పుకోలేదు. ముడులన్నీ ఉన్న వలపట్టీయే గుర్తు అంది. దిష్టిగుడ్డ కూడా ఉండాలని బుల్లెమ్మ పట్టుబట్టింది.

గుర్తు కూడా కొత్త వస్తువే కనుక దాన్ని తిప్పారు. వారం పైన తిరిగింది. ఒక తెప్ప మీద దాని మీద చేపల పులుసు ఒలికింది. అన్ని తెప్పలూ అయ్యాక దరఖాస్తు కోసం నా బల్ల మీద పెడతారనుకుంటే, నాంచారమ్మ పట్టీని నా ఒళ్ళో పెట్టింది. వెనకాల ఏడుకొండలూ, ఇంకో ఇద్దరూ ఒక కుర్చీ మోసుకొస్తున్నారు. కుర్చీ కింద పొడుగాటి వెదురుగెడ ఉంది. నా కచేరీ మధ్యలో కన్నం పెట్టడానికి ప్రభుత్వ అనుమతి ఉందా అని అడగబోయి ఊరుకున్నాను.

"ఈ తెప్పొకటే మిగిలిందండి" అంది నాంచారమ్మ. "మీ ముడి ఎయ్యండి."

"నాదా? నాకు ముడులేం రావండి."

"ఏదో ఒకటి వచ్చుంటదిలెండి. ఏ తెప్ప ముడి ఆ తెప్పది."

నాకు వచ్చిన ముడి ఒక్కటే. ఇరవై ఏళ్ళుగా ఫైళ్ళకు వేసే ముడి, రెండు చెవులు పెట్టి, లాగితే ఊడొచ్చేది. సిగ్గుపడుతూ ఆఖరి తాడుకు అది వేశాను. ఏడుకొండలు లాగి చూశాడు. ఊడింది. ఆయన నా చేత మళ్ళీ వేయించి, రెండో మెలిక ఎలా వేయాలో తన బొటనవేలు లేని చేత్తో చూపించాడు. ఈసారి లాగితే ఊడలేదు.

కుర్చీ బిగించారు. కూర్చున్నాను. బయట అలలు లేచి పడుతున్నాయి. నా బల్లా, నా కాగితాలూ, గుమ్మంలో నిలబడ్డ జనం, అందరూ పైకీ కిందికీ పోతున్నారు. నేను కదలడం లేదు. వాళ్ళు వెళ్ళేటప్పుడు గొలుసు చప్పుడయింది. చూస్తే ఏడుకొండలు ప్రభుత్వ స్తంభం నుంచి నా తెప్పను విప్పి, కొబ్బరితాడుతో పక్క తెప్పకు కడుతున్నాడు.

ఎండ వచ్చాక గుర్తును గాజుకన్ను ముందు పెట్టాను. పంతులుగారు ముడులన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాడు. ఆఖరుదాని దగ్గర ఆగాడు.

"ఈ రెండు చెవుల ముడి ఏ తెప్పది?"

"కచేరీ తెప్పది" అన్నాను.

"వాడలోనిదేనా?"

గుమ్మం బయట నాంచారమ్మ ఇంకా నిలబడే ఉంది, నా మొగం వైపు చూస్తూ. "వాడలోదే, రాసుకోండి" అన్నాను.